ఎక్కాల పోటీ వద్దు, ఎక్కాల సాయం కావాలి



ఈసారి వార్షికోత్సవంలో పిల్లలకు ఎక్కాల పోటీ పెడదామనే మాట మన గ్రూపులో నడుస్తోంది. స్టేజీ మీద నిలబడి ఇరవయ్యో ఎక్కం దాకా గడగడా అప్పజెప్పినవాళ్లకు బహుమతి. ఉద్దేశం మంచిదే. కానీ ఆ బహుమతి అందుకునే పిల్లలకు ఎక్కాలు ముందే వచ్చు. రాని పిల్లలు ఆ రోజు తల్లి కొంగు చాటున దాక్కుంటారు. సంఘం చెయ్యందించాల్సింది ఎవరికి? అందుకే మేము కొందరం ఈ పోటీ వద్దంటున్నాం. ఎందుకు వద్దో, దాని బదులు ఏం చేయొచ్చో రాస్తున్నాం. కొంచెం పొడుగైంది, ఓపికగా చదవండి.

సోలాపూర్‌లో గానీ భివండీలో గానీ మన పిల్లల చెవిన అంకెలు మూడు భాషల్లో పడతాయి. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, బడిలో మరాఠీయో ఇంగ్లీషో. తెలుగులో ముప్పై ఆరు అంటే ముందు ముప్పై, వెనక ఆరు. రాసే వరస కూడా అదే. మరాఠీలో ఛత్తీస్ అన్నప్పుడు ఆరు ముందు వినిపిస్తుంది, ముప్పై వెనక వస్తుంది. విన్న వరసలో రాసే పిల్లవాడు 63 వేస్తాడు. యాభై తొమ్మిది ఏకోణసాఠ్, అంటే అరవైకి ఒకటి తక్కువ. పాఢేలో రెండు దోన్ కాదు, బే అవుతుంది. మన తెలుగు ఎక్కమూ అంత తేలికేం కాదు. 'ఆరు ఏళ్లు నలభై రెండు' అంటే ఏళ్లంటే వయసు అనుకునే పిల్లలున్నారు.

ఈ చిక్కు మన ఇళ్లకే పరిమితం కాదు. 2019లో బాలభారతి రెండో తరగతి గణితం పుస్తకంలో ఏకవీస్‌ను 'వీస్ ఏక్' అని చదివే పద్ధతి తెచ్చినప్పుడు రాష్ట్రమంతా వాదులాడుకుంది. భాష చెడిపోతుందని కొందరు, పిల్లలకు సులువవుతుందని కొందరు. మన తెలుగులో ఇరవై ఒకటి ఎప్పుడూ ఆ వరసలోనే ఉంది.

మా అభిప్రాయం ఒకటే: ఒక పిల్లకు ఎక్కాలు ఒక్క భాషలోనే నేర్పాలి. బడిలో లెక్కలు ఏ భాషలో చెబుతారో ఆ భాషలో. అమ్మమ్మ తెలుగులో, నాన్న మరాఠీలో, ట్యూషన్‌లో ఇంగ్లీషులో వల్లె వేయిస్తే ఏ ఒక్కటీ నిలవదు. ఇది తెలుగు మీద ప్రేమ తగ్గి చెప్పే మాట కాదు. అర్థం తెలుగులో చెప్పండి, ఎంతైనా చెప్పండి. బట్టీ మాత్రం ఒక్క భాషలో.

రెండోది, మనం పిల్లల ముందు పెట్టే కొండ నిజానికి అంత పెద్దది కాదు. ఒకటి నుంచి పది దాకా ఎక్కాలంటే నూరు లెక్కలు. 6 × 7, 7 × 6 ఒకటే అని తెలిస్తే 55 మిగులుతాయి. ఒకటో ఎక్కం, పదో ఎక్కం ఎవరికైనా వచ్చు, అవి తీసేస్తే 36. రెండో ఎక్కం, ఐదో ఎక్కం పిల్లలు త్వరగా పట్టుకుంటారు. ఇక 21. తొమ్మిదో ఎక్కానికి ఒక గుర్తు ఉంది: 9 × 7 అంటే ఏడుకు ఒకటి తగ్గిస్తే ఆరు, ఆరుకు ఎంత కలిపితే తొమ్మిది? మూడు. అంతే, 63. అదీ పోతే మిగిలేవి 15. మూడు, నాలుగు, ఆరు, ఏడు, ఎనిమిది, వీటిలో వీటినే గుణించే లెక్కలు. వారానికి మూడు చొప్పున నేర్పితే ఐదు వారాలు. మరిచిపోవడానికీ మళ్లీ చెప్పడానికీ ఇంకో ఐదు వారాలు వేసుకోండి.

ఆ మూడూ ఎలా నేర్పాలి? ముందు చూపించాలి. పళ్లెంలో చింతగింజలు ఆరు వరసలు, వరసకు ఏడు చొప్పున పేర్చండి. పళ్లెం పక్కకు తిప్పితే అవే ఏడు వరసలు, వరసకు ఆరు. బీడీలు చుట్టే తల్లులకు ఈ లెక్క ఇంకొకరు చెప్పక్కర లేదు. ఇరవై ఐదుకు ఒక కట్ట, నలభై కట్టలకు వెయ్యి, కూలి వెయ్యికి ఇంత. పొగాకు పిల్లల చేతికి ఇవ్వకండి గానీ, ఆ లెక్క మాత్రం నోటితో చెప్పండి. 'నాకు చదువు రాదు, నేనేం నేర్పుతాను' అనే తల్లి రోజూ చేసేది గుణకారమే.

తర్వాత అడగాలి. మొదటి నుంచి పాడించొద్దు. పాడితేనే వచ్చే పిల్లకు 7 × 8 కావాలంటే ఏడు ఒకట్ల నుంచి మొదలుపెట్టాలి. కలిపి, తిప్పి అడగండి. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, రెండు రోజులాగి మళ్లీ ఒకసారి. ఒకే రోజు గంటసేపు రుద్దే కన్నా రోజుకు పది నిమిషాలు మేలు. జవాబు రాకపోతే 'ఆలోచించు, ఆలోచించు' అని నిలబెట్టొద్దు. మీరే చెప్పి, వాడితో అనిపించి, కాసేపాగి మళ్లీ అడగండి. తప్పు జవాబు పదిసార్లు అంటే అదే నోటికి పడుతుంది. వేళ్లు లెక్కపెడితే కొట్టకండి. లెక్క గుర్తున్న రోజు వేళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి.

'మేమూ బెత్తం దెబ్బలు తినే పాఢే నేర్చుకున్నాం, ఏమైంది?' అని పెద్దలు అడుగుతారు. దెబ్బలు తిని నేర్చుకున్నవాళ్లే ఈ మాట అంటారు. దెబ్బలు తిని కూడా రాక, నాలుగో తరగతిలో బడి మానేసి మగ్గం దగ్గరికి వెళ్లినవాళ్లు ఈ గ్రూపుల్లో రాయరు. మన పేటల్లో అలాంటి అన్నలు, అక్కలు ఎంతమంది ఉన్నారో మనకందరికీ తెలుసు.

'ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉండగా ఎక్కాలెందుకు?' అని కుర్రవాళ్లు అడుగుతారు. ఐదో తరగతి భాగహారం, భిన్నాలు వచ్చేసరికి 7 × 8 దగ్గరే ఆగే పిల్ల అసలు లెక్క దాకా వెళ్లలేదు. ఎక్కాలు కావాలి. అవమానం అక్కర్లేదు.

ఇంత చేసినా కొందరికి రాదు. నాలుగు, ఐదు తరగతుల్లో కూడా రెండంకెల్లో ఏది పెద్దదో తడుముకోవడం, గడియారం, చిల్లర అర్థం కాకపోవడం ఉంటే అది బద్ధకం కాకపోవచ్చు. డిస్కాల్కులియా అనే ఇబ్బంది ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం దాన్ని గుర్తించింది. పరీక్ష చేయించి ధ్రువపత్రం తీసుకుంటే బోర్డు పరీక్షల్లో అదనపు సమయం వంటి సదుపాయాలు ఉంటాయి. 'నలుగురికి తెలిస్తే పిల్ల పెళ్లికి అడ్డం' అని దాచే తల్లిదండ్రులు మనలో ఉన్నారు. దాచిన కొద్దీ పిల్లకు పోయేది చదువు.

కాబట్టి కార్యవర్గానికి మా మనవి. పోటీకి అనుకున్న డబ్బుతో అట్టముక్కలు, స్కెచ్ పెన్నులు కొందాం. ఆదివారం పొద్దున ఒక గంట సంఘం హాలు తెరుద్దాం. కాలేజీ పిల్లలు ఒక్కొక్కరు ఇద్దరు చిన్నపిల్లల్ని తీసుకుంటే చాలు. మొదటి మూడు నెలలు ఫోటోలు వద్దు, పేర్లు వద్దు, ఎవరికి ఎన్ని వచ్చాయో గ్రూపులో పెట్టొద్దు. వచ్చే వార్షికోత్సవానికి ఆ పిల్లలు స్టేజీ ఎక్కి పాడతారో నాటకం వేస్తారో వాళ్లిష్టం.

ఆదివారం గంట ఇవ్వగలిగినవాళ్లు కామెంట్‌లో పేరు రాయండి. పిల్లల పేర్లు మాత్రం కామెంట్‌లో వద్దు, విడిగా చెప్పండి.