వంటశాలలో వలపు

గత వేసవి సెలవులలో మా యింట నొక యింగ్లీషు నవల చేతినుండి చేతికి మాఱినది. కళాశాలలో చదువుచున్న మా కుమార్తె దానిని రెండు దినములలో ముగించి, మూడవ దినమున తల్లికి కథ చెప్ప నారంభించినది. తల్లి వంకాయలు తఱుగుచు వినుచుండెను. లండను నగరమున నొక పెద్ద రెస్టారెంటు. అందలి ప్రధాన చెఫ్ రూపవంతుడు, మహాకోపి. క్రొత్తగా పనిలో చేరిన పిల్ల కేకులు చేయుటలో నేర్పరి. ఇరువురికిని మొదట వైరము, పిదప వలపు. రాత్రి పదునొకండు గంటలకు, అతిథులందఱును వెడలిన తరువాత, ఆఱిన పొయ్యి ప్రక్కను నిలిచి అతడు చాక్లెటు పాకమును చెంచాతో నామె నోటి కందించును. కథ ఇచ్చటికి వచ్చునప్పటికి మా యిల్లాలు కత్తిపీటను ప్రక్కకు ద్రోసి, "అంతా బాగానే ఉంది గానీ, ఆ గిన్నెలన్నీ ఎవరు తోమారే?" అని యడిగినది. మా కుమార్తె పుస్తకమును తిరగవేసినది. పిదప మేమును తిరగవేసితిమి. మూడువందల యిరువది పుటలలో ఆ ప్రశ్నకు సమాధానము లేదు.

ఇట్టి నవలలు ఇప్పు డింగ్లీషున విస్తారముగా వెలువడుచున్నవి. వైద్యుడును నర్సును, యజమానియు స్టెనోగ్రాఫరును అను జంటలను మిల్స్ అండ్ బూన్ పుస్తకముల మూలమున మా తరమువా రెఱుగుదురు. ఆ పీట లిప్పుడు వంటశాలకు జరిగినవి. 2001లో జర్మనీదేశమున 'మోస్ట్లీ మార్తా' యను చలనచిత్రము వచ్చెను. హాంబర్గు నగరమున గర్విష్ఠురాలగు నొక చెఫ్‌ను, ఉల్లాసముగా పాడుకొనుచు వండు నొక ఇటలీవానిని అందు జోడించిరి. 2007లో హాలీవుడ్డువారు దానినే మరల తీసిరి. తరువాత టెలివిజను వంటపోటీలు వచ్చి, కథకులకు కావలసిన పందెమును, గడియారమును, న్యాయనిర్ణేతలను ఉచితముగా సమకూర్చినవి.

ఈ పుస్తకములను ఇంటిలోనికి రానీయరాదనువారు మా సహోపాధ్యాయులలోనే గలరు. వీనిని చదివినచో ఆడపిల్లలు చెడుదురట. ఆ పెద్దలే నలోపాఖ్యానమును పాఠముగా చెప్పుదురు! వికృతరూపుడై బాహుకుడను పేర దాగిన భర్తను దమయంతి దేనివలన గుర్తించినది? అతడు వండిన మాంసమును చెలికత్తెచేత తెప్పించి, రుచి చూచి గుర్తించినది. కీచకునిచే అవమానము పొందిన సైరంధ్రి అర్ధరాత్రమున ఎచ్చటికి పోయినది? విరటుని వంటశాలకు, వలలుని కడకు. వంటయింటిలో వలపు పుట్టుట మనకు పాశ్చాత్యులు నేర్పిన దుర్నీతి కాదు. కావున మా వ్యాజ్యెము వలపుపై గాదు. ఒక్క సంగతి మాత్రము గమనింపుడు: ఋతుపర్ణుడు బాహుకుని కొలువులో చేర్చుకొనునప్పుడు వ్యాసుడు జీతమును సైతము చెప్పెను, పదివేలని. నేటి రచయితలలో పలువురు తమ నాయిక జీత మెంతయో చెప్పరు.

చెప్పకుండుట మఱపు గాదు. చెప్పినచో వలపు విఱిగిపోవును. పందొమ్మిదవ శతాబ్ది చివరను లండనులోని సవాయ్ హోటలున ఎస్కాఫియే యను ఫ్రెంచి పాకశాస్త్రజ్ఞుడు వంటశాలను సేనవలె దిద్దెను. పైన సేనాని, క్రింద పటాలము, ఒక్కొక్కనికి ఒక్కొక్క పని. 1870 నాటి యుద్ధమున సైన్యమునకు వండినవా డాతడు. నేటికిని పెద్ద రెస్టారెంట్ల యేర్పాటు స్థూలముగా నదియే. సేనాని అఱచును, భటుడు "చిత్తము" అనును. అమెరికాదేశమున వడ్డించువారి కియ్యవలసిన కనీసవేతనము కేంద్ర శాసనము ప్రకారము గంటకు 2.13 డాలర్లు, ఆ యంకె 1991 నుండి కదలలేదు. తక్కినది అతిథుల దయాధర్మముపై, అనగా టిప్పులపై ఆధారపడవలెను. తమ దినవెచ్చ మెవని చేతిలో నున్నదో వానిని చూచి నవ్వకతప్పదు. ఆ నవ్వును మన నవలాకారులు శృంగారమని వ్రాయుచున్నారు.

మా యిల్లాలి ప్రశ్నకు సమాధాన మిచ్చిన పుస్తక మొకటి గలదు. అది ప్రణయకథ గాదు. 1933లో వెలువడిన జార్జి ఆర్వెల్ గ్రంథము 'డౌన్ అండ్ ఔట్ ఇన్ ప్యారిస్ అండ్ లండన్'. అందు గిన్నెలు తోమువాడే కథకుడు. ప్యారిసు హోటలులో నేలక్రింది వంటశాలయొక్క మురికియు, వేడిమియు, తిట్లును ఒకవైపు. తెల్లని గుడ్డలు పఱచిన భోజనశాల మఱియొకవైపు. నడుమ తలుపు మాత్రమే. ఆ తలుపును దాటిన వలపునవల మా కంటబడినంతలో అరుదు. సోనాలీ దేవ్ 2020లో ప్రకటించిన 'రెసిపీ ఫర్ పర్సుయేషన్' కొంత మేలు. అందు నాయిక కాలిఫోర్నియాలో తండ్రి విడిచిపోయిన రెస్టారెంటును నిలుపుకొన లేక తల్లడిల్లును. డబ్బు కొఱత ఆ కథలో నున్నది. అందుచేతనే అందలి వలపును మేము నమ్మితిమి.

ఇక మా ముఖ్యమైన అభియోగము. ఈ నవలలలో నాయకుని కోపము గుణముగా చెల్లుచున్నది. అతడు పళ్లెమును గోడకు విసరును, అది కళాతపన! పదిమంది యెదుట నాయికను బుద్ధిహీనురాలని తిట్టును. అది ఆమెయందలి గుప్తానురాగము! వేఱొక కచేరీలో అధికారి గుమాస్తాను ఇట్లు తిట్టినచో మన మేమందుము? 2000లో ఆంథనీ బోర్డెయిన్ వ్రాసిన 'కిచెన్ కాన్ఫిడెన్షియల్' వంటవాండ్ర మోటుతనమునకు లోకమున గొప్ప ఆకర్షణ కల్పించెను. 2017లో అమెరికాలోని ప్రఖ్యాత చెఫ్‌లపై వారి క్రింద పనిచేసిన స్త్రీలు వరుసగా ఫిర్యాదులు వెలిబుచ్చినప్పుడు, ఆ మోటుతనమునకు తన గ్రంథము ఊత మిచ్చినదని ఆ రచయితయే బహిరంగముగా విచారపడెను. ఆతని కున్న పశ్చాత్తాపము ప్రణయనవలలకు లేకపోయెను.

మా యొద్ద చదివిన బాలిక యొకతె హోటలు పనిలో తరిఫీదు పొంది, ఒక పెద్ద పట్టణమున నొక హోటలు వంటశాలలో చేరినది. ఎనిమిది నెలలకే తిరిగివచ్చినది. మమ్ము చూడవచ్చినప్పుడు ముంజేతులపై కాలిన మచ్చలు వరుసగా నున్నవి. వానినిగుఱించి యామె చింతింపలేదు. అవి పనిలో సహజమనినది. పైయధికారి నడతనుగుఱించి చెప్పునప్పుడు మాత్రము కంఠము తగ్గినది. "మొదట్లో ఆయన నామీదే ఎక్కువ అరుస్తుంటే, నాలో పనితనం చూసి అరుస్తున్నారనుకున్నాను మాస్టారూ" అనినది. ఈ భావ మామెకు ఎచ్చటినుండి వచ్చినది? నవలలే నేర్పినవని మేము ప్రమాణము చేయజాలము. కాని ఆ నవలలలో ఆమె మాటకు విరుద్ధముగా చెప్పిన పుట యొక్కటియు మేము చూడలేదు. పదిమందియు అంతకు మించియు పనిచేయుచోట ఫిర్యాదులు విను సంఘ ముండవలెనని 2013 నాటి చట్టము చెప్పుచున్నది. ఆమె పనిచేసినచోట అది గోడమీది కాగితముగా మాత్ర ముండెనట.

"అలసిన యాడువారు కలగనుటకు చదువుకొను పుస్తకములు, వానియందు జీతభత్యముల లెక్క లేల?" అని యొక మిత్రుడు మమ్ము ప్రశ్నించెను. న్యాయమైన ప్రశ్నయే. ఆ కల యెట్టిదో విచారింతము. ఈ నవలలన్నింటను ఒక ఘట్టము తప్పక యుండును: పురుషుడు వండును, స్త్రీ కూర్చుండి వేడిగా తినును. ముద్దులకంటె, మురిపెములకంటె పాఠకురాలి నాకర్షించునది ఇదియే యని మా నమ్మకము. మా కుమార్తె ఆ ఘట్టమును చెప్పునప్పుడు మా యిల్లాలి కత్తిపీట నిలిచిపోయినది. ఇరువదిరెండేండ్ల సంసారమున ఆమె మా కంటె ముందుగా కూర్చుండి తినిన పూటలు మాకు జ్ఞప్తికి రాలేదు. సంఘసంస్కరణమునుగుఱించి సభలలో మాటాడుచు, ఇంటికి వచ్చి పీటమీద కూర్చుండి గరిటె చప్పుడు కొఱకు ఎదురుచూచువారలము మేము. పెద్దలు వెఱచుచున్నది పిల్లలు చెడుదురని కాదు. ఈ ఒక్క ఘట్టమును వా రెక్కడ నిజమని నమ్ముదురో యని.

కావున ఆ కలను తీసివేయుమని మేము కోరము. దానిని పూర్తిగా కనుడని కోరుచున్నాము. మన భాషలో గురజాడ అప్పారావుగారు పూటకూళ్లమ్మను రంగస్థలము నెక్కించిరి. గిరీశముతో నామెకు గల సంబంధమును దాచలేదు. అతడు సంత సరకుల నెపమున కాజేసిన యిరువది రూపాయలను మఱవలేదు. అన్నమమ్ముకొని బ్రతుకు స్త్రీకి వలపును గలదు, లెక్కయు గలదు, మోసపోయినప్పుడు చీపురు పట్టు చేయియు గలదు. 1892లో తొలిసారి ప్రదర్శింపబడిన నాటకమునకు సాధ్యమైనది నేటి నవలకు అసాధ్యమా?

దసరా సెలవులకు మా కుమార్తె మఱియొక పుస్తకమును తెచ్చినది. ఈసారి కథాస్థలము న్యూయార్కు. నాయిక రొట్టెలు కాల్చును. మా యిల్లాలు వాలుకుర్చీలో కూర్చుండి వినుచున్నది. మేము పెరటి కుళాయి కడ అంట్లు ముందు పెట్టుకొని వినుచున్నాము. మాడిన పాలగిన్నె యింత మొండిదని మాకు ఇదివఱకు తెలియదు. కథ నలువదవ పుటకు వచ్చినది. నాయకుడు ఇప్పటికి రెండుసార్లు అఱచెను. గిన్నెలు తోమువాని పే రింకను రాలేదు.