లేని మనిషికి గది!

గాలివాన వెలిసింది. పోయిన కరెంటు అరగంటకు వచ్చింది. సింహాచలం కొండ కింద, మా పక్క అపార్ట్‌మెంట్‌లో ఒకరింట్లో మాత్రం అసలు గాలివాన అప్పుడే మొదలైంది!

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌కి ఆ ఇంటి అమ్మాయి వెబ్ ఆప్షన్లు పెట్టడానికి అదే చివరి సాయంత్రం. పాస్‌వర్డ్ కొడితే ‘మీరు ఇప్పటికే లాగిన్ అయి ఉన్నారు’ అని జవాబు. ‘‘ఎవడికిచ్చావురా పాస్‌వర్డ్?’’ అంటూ తండ్రి కొడుకు మీద పడ్డారు. ‘‘ఎవరికీ ఇవ్వలేదు నాన్నా’’ అంటున్న వాడికి ఏడుపొక్కటే తక్కువ.

వాడు చెప్పింది నిజమే. ఎలాగో చూద్దాం.

మనం పాస్‌వర్డ్ కొట్టగానే అపార్ట్‌మెంట్‌లోని పరికరం నెట్ ఇచ్చేయదు. ఆపరేటర్ దగ్గరున్న ‘రేడియస్’ సర్వర్‌ని అడుగుతుంది. 1990ల్లో డయలప్ రోజుల్లో పుట్టిన పద్ధతి ఇది. ఆ సర్వర్‌ని సత్రం గుమస్తా అనుకోండి. మనిషి రాగానే పుస్తకంలో రాస్తాడు. తాళంచెవి తిరిగిస్తే పేరు కొట్టేస్తాడు. మనిషికి ఒకే గది అన్నది నియమం. చందనోత్సవం నాడు ఒకాయన చెప్పకుండా దర్శనానికి వెళ్లిపోయాడు. గది ఖాళీ... పుస్తకంలో మాత్రం ఆయన ఉన్నట్టే! తిరిగొచ్చి గది అడిగితే, ‘మీకు ముందే ఇచ్చాంగా’ అంటాడు గుమస్తా.

ఇక్కడా అంతే. మనం లోపలికి వెళ్లగానే పరికరం సర్వర్‌కి ‘స్టార్ట్’ కబురు పంపుతుంది, బయటికొస్తే ‘స్టాప్’. కరెంటు హఠాత్తుగా పోతే ‘స్టాప్’ పంపే తీరికేదీ? తిరిగి లేచాక ‘నేను కొత్తగా మొదలయ్యాను’ అని పరికరం చెప్పాలి. అది వింటే సర్వర్ పాత లెక్కలు మూసేస్తుంది. కానీ మధ్యలోని స్విచ్ ఇంకా లేవకపోతే ఆ కబురు అందదు. సర్వర్ లెక్కపెట్టేది మనుషుల్ని కాదు, తను రాసుకున్న పేర్లని!

‘పరిమితి ఒకటి నుంచి రెండు చేస్తే సరి’ అంటారు కొందరు. అది జబ్బుకి కాదు, నొప్పికి మందు. రెండోసారి కరెంటు పోతే ఇద్దరు లేని మనుషులు తయారవుతారు. సరైన దారి వేరు. ‘ఇంకా ఉన్నాడు’ అని పరికరం ఎప్పటికప్పుడు చెప్పేలా అమర్చాలి. 2000లో వచ్చిన ప్రమాణపత్రం ప్రకారం ఆ కబుర్ల మధ్య 60 సెకన్లకు తగ్గకూడదు, 600కి తగ్గకపోతే మేలు. వరసగా రెండు మూడు కబుర్లు రాకపోతే ఆ పేరు కొట్టేయాలి. రెండోసారి లాగిన్‌ని కాదనేముందు, ‘ఆయన నిజంగా ఉన్నాడా?’ అని సర్వర్ పరికరాన్నే అడిగేలా పెట్టుకోవచ్చు కూడా.

మీ ఇంట్లో ఇలా జరిగితే ఆపరేటర్‌కి ఫోన్ చేసి రెండే మాటలు చెప్పండి: కరెంటు ఎన్నింటికి పోయిందో, పాత సెషన్ తీసేయమని. ఆ మాట మీదే మా పక్కవాళ్లకి అయిదు నిమిషాల్లో నెట్ వచ్చింది. పాత సెషన్ తీసేశాక కూడా మళ్లీ అదే జవాబు వస్తుంటే, అప్పుడు పాస్‌వర్డ్ మార్చుకోండి.

ఆప్షన్లు పెట్టేశాక ఆ తండ్రి కొడుకు పక్కన కూర్చుని ‘‘టీ తాగుతావేంట్రా’’ అన్నారట. మనిళ్లలో క్షమాపణంటే అదేగా!