వ్రాసియిచ్చిన మాటను సముద్రం పాలు చేశారు

జపాను ప్రభుత్వమూ, టెప్కో అని పిలువబడే టోక్యో విద్యుత్ కంపెనీయూ కలిసి 2015 ఆగస్టులో ఫుకుషిమా ప్రాంత మత్స్యకారుల సహకార సంఘాల సమాఖ్యకు ఒక మాట వ్రాసియిచ్చాయి. దెబ్బతిన్న అణు విద్యుత్ కేంద్రంలో నిలవవున్న నీటిని, సంబంధించిన వారి అవగాహన లేకుండా ఏ విధంగానూ పారవేయబోమన్నది దాని సారాంశం. 2023 ఆగస్టు 24న ఆ నీటిని పసిఫిక్ మహాసముద్రంలోకి వదలడం ప్రారంభించారు. అంతకు మూడు రోజుల ముందు జాతీయ మత్స్య సహకార సమాఖ్య అధ్యక్షుడు అప్పటి ప్రధాని కిషిదాను ముఖాముఖి కలిసి, తమ వ్యతిరేకతలో మార్పు లేదని స్పష్టంగా చెప్పారు. మరునాడే మంత్రులు కూర్చొని తేదీ ఖరారు చేశారు. మత్స్యకారుల నుండి కొంతమేరకు అవగాహన లభించిందని ప్రభుత్వం చెప్పుకున్నది.

ఈ "అవగాహన" అనే మాట దగ్గర మేము కొంచెం ఆగదలచాము. ఎన్నో ఏళ్లు రిజిస్టరు ఉత్తరాలు బట్వాడా చేసిన తపాలా సోదరులకు దీనిని వివరించనక్కరలేదు. అక్నాలెడ్జిమెంటు కార్డు మీద సంతకం పెట్టినవాడు ఉత్తరం అందినదని మాత్రమే ఒప్పుకుంటాడు. లోపల వ్రాసినదానికి అతడు ఒప్పుకున్నట్లు కాదు. మా పాతికేళ్ల సంఘ జీవితంలో ఒక పి.ఎన్.ఎం. సమావేశం మినిట్సులో "సిబ్బందికి వివరించడమైనది" అని ఉండవలసిన చోట "సిబ్బంది అంగీకరించడమైనది" అని టైపు అయి రావడం కళ్లారా చూచాము. దానిని సరిదిద్దించడానికి నాలుగు నెలలు పట్టింది. ఫుకుషిమాలో జరిగినది అదే, కాకుంటే కాగితం చాలా పెద్దది. శాస్త్రజ్ఞులు చెప్పేది మాకు అర్థమైనది, అయినా మేము వ్యతిరేకిస్తున్నాము అని మత్స్యకారులు అంటే, అందులో మొదటి సగం కత్తిరించి తమ ఫైలులో అంటించుకున్నారు.

విషయం మొదటినుండి తెలియనివారి కోసం నాలుగు మాటలు చెప్పవలెను. 2011 మార్చి 11న 9.0 తీవ్రతగల భూకంపమూ, దాని వెంట సునామీ వచ్చి ఫుకుషిమా దాయిచి కేంద్రంలో విద్యుత్ సరఫరా నిలిచిపోయింది. 1, 2, 3 యూనిట్లలో ఇంధనం కరిగిపోయింది. ఇది ప్రకృతి వైపరీత్యం అని కంపెనీ చెప్పుకున్నది గాని, జపాను పార్లమెంటు నియమించిన స్వతంత్ర విచారణ సంఘం 2012 జూలైలో దీనిని మానవ తప్పిదం వలన కలిగిన ప్రమాదంగా తేల్చింది. కరిగిన ఇంధనాన్ని చల్లబరచడానికి పోసే నీరు, కొండవైపు నుండి భవనాలలోకి చొరబడే భూగర్భ జలం, వాన నీరు, ఇవన్నీ ఆ ఇంధనాన్ని తాకి కలుషితమవుతాయి. దానిని "అల్ప్స్" అనే శుద్ధి యంత్రాంగం గుండా పంపి, ట్రిటియం తప్ప 62 రేడియోధార్మిక పదార్థాలను నిర్ణీత పరిమితుల లోపుకు తగ్గిస్తామన్నారు. ఆ విధంగా వెయ్యికి పైబడిన ట్యాంకులలో 13 లక్షల టన్నులకు మించి నీరు నిండింది.

ఇక కంపెనీ మాట విలువ ఎంతటిదో చూద్దాము. కలుషిత భూగర్భ జలం సముద్రంలోకి కారుతున్న సంగతిని టెప్కో 2013 జూలై 22న ఒప్పుకున్నది. అది పార్లమెంటు ఎగువసభ ఎన్నికల మరునాడు! ఆగస్టులో ఒక ట్యాంకు నుండి 300 టన్నులు కారిపోయింది. సెప్టెంబరులో అప్పటి ప్రధాని అబే ఒలింపిక్ కమిటీ ముందు నిలబడి పరిస్థితి అదుపులో ఉన్నదన్నారు. ట్యాంకులలో మిగిలినది ట్రిటియం మాత్రమేనని ఏళ్ల తరబడి ప్రజలకు చెప్పారు. 2018లో ప్రజాభిప్రాయ సభలు పెట్టబోయే వేళ పత్రికలు బయటపెడితేగాని, శుద్ధి అయినదన్న నీటిలో అత్యధిక భాగం స్ట్రాన్షియం వంటి ఇతర పదార్థాల పరిమితులను మించియున్నదని కంపెనీ ఒప్పుకొనలేదు. దానిని మళ్లీ శుద్ధి చేసి, పరిమితుల లోపున ఉన్నదాన్నే వదులుతామన్నది తరువాత వచ్చిన హామీ. ఇటువంటివారు తమ లెక్కలను నమ్మండి అంటున్నారు. నమ్మనివారిని అజ్ఞానులంటున్నారు. 2023 ఆగస్టు 31న వారి వ్యవసాయ మంత్రే పొరపాటున "కలుషిత జలం" అన్నందుకు ప్రధాని ఆదేశంపై అదే రోజున క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది.

మేము శాస్త్రానికి విరోధులము కాము. సంఘ పత్రికలో అతిశయోక్తి వ్రాసి సోదరులను భయపెట్టడం మా పద్ధతి కాదు. ట్రిటియం నీటిలో నీరుగా కలిసిపోయే హైడ్రోజను రూపం, దానిని వేరుచేయడం కష్టం. విడుదలకు ముందు సముద్రపు నీటితో పలుచన చేసి లీటరుకు 1,500 బెకెరెల్‌ల లోపుకు తెస్తున్నారు. త్రాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన ప్రమాణం 10,000. సంవత్సరానికి 22 లక్షల కోట్ల బెకెరెల్‌లకు మించరాదన్న పరిమితి ఉన్నది. ఫ్రాన్సులోని లా హేగ్ పునశ్శుద్ధి కర్మాగారం ఏటా ఇంతకు కొన్ని వందల రెట్ల ట్రిటియాన్ని సముద్రంలోకి వదలుతున్నది. విడుదల ప్రారంభమైన రోజునే జపాను చేపలన్నిటినీ నిషేధించిన చైనా సంగతీ చెప్పవలెను: ఆ దేశపు అణు కేంద్రాలలో కొన్ని, తమ మామూలు ఉత్పత్తిలో భాగంగానే, ఫుకుషిమా పరిమితిని మించిన ట్రిటియాన్ని విడుదల చేస్తున్నాయి. 2025 జూన్‌లో ఆ నిషేధాన్ని కొంత సడలించి, దౌత్య కలహం ముదరగానే నవంబరులో దిగుమతులను మళ్లీ నిలిపివేసింది. చేపలోని రేడియోధార్మికత దౌత్యవేత్తల కోపాన్ని బట్టి హెచ్చుతగ్గులు కాదు గదా! హొక్కైదోలో స్కాలప్ ఆల్చిప్పలు పెంచుకునే కార్మికుడు రెండు ప్రభుత్వాల బేరసారాల నడుమ నలిగిపోయాడు.

అయితే మామూలు కేంద్రం వదలే నీటికీ, కరిగిన ఇంధనాన్ని తాకివచ్చిన నీటికీ తేడా ఉన్నది. శుద్ధి యంత్రం ప్రతి విడతలోనూ, ప్రతి రోజూ, 30 సంవత్సరాలపాటు సక్రమంగా పనిచేయాలి. దీనికి పూచీ ఎవరు?

అంతర్జాతీయ అణుశక్తి సంస్థ పూచీ అన్నారు. 2023 జూలై 4న వెలువడిన దాని నివేదిక, ఈ పథకం అంతర్జాతీయ భద్రతా ప్రమాణాలకు అనుగుణంగా ఉన్నదనీ, ప్రజలపైనా పర్యావరణంపైనా ప్రభావం లెక్కలోనికి రానంత స్వల్పమనీ చెప్పింది. దానిని మేము తోసిపుచ్చడం లేదు. కాని అదే నివేదిక ముందుమాటలో సంస్థ అధిపతి గ్రోసీ, ఈ విడుదల జపాను ప్రభుత్వపు సొంత నిర్ణయమనీ, తమ నివేదిక ఆ విధానానికి సిఫారసు కాదు, సమర్థన కాదు అనీ స్పష్టంగా వ్రాశారు. టోక్యో ప్రచారంలో ఆ వాక్యం ఎక్కడా పెద్ద అక్షరాలలో కనబడలేదు. పైగా అణుశక్తి వినియోగాన్ని విస్తరింపజేయడం ఆ సంస్థ నిబంధనావళిలోనే వ్రాసియున్న ధ్యేయం. మన దేశంలో రైల్వే భద్రతా కమిషనర్‌ను రైల్వే బోర్డు క్రింద ఉంచక పౌర విమానయాన శాఖ క్రింద ఎందుకు ఉంచారో రైల్వే సోదరులకు తెలుసు. బండి నడిపేవాడే బండి భద్రమని సర్టిఫికెట్ ఇచ్చుకోరాదనే గదా!

ఇక అసలు సంగతి, ఖర్చు. 2016లో ప్రభుత్వ నిపుణుల బృందం ఐదు మార్గాలను పరిశీలించింది. ఆవిరిగా వదలడానికి 3,490 కోట్ల యెన్ వరకు, భూమిలో పూడ్చడానికి 24,310 కోట్ల యెన్ వరకు అవుతుందని అంచనా వేసింది. సముద్రంలో పోయడానికి 340 కోట్లు, ఏడెనిమిది సంవత్సరాలు చాలునన్నది. అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా త్వరగా అయ్యేది అని దానినే ఎంచుకున్నారు. తరువాత ఏమైంది? సముద్రగర్భంలో కిలోమీటరు పొడవున సొరంగం తవ్వారు. చేపల గిరాకీ పడిపోకుండా 3,000 కోట్ల యెన్ నిధి, మత్స్యకారుల వృత్తిని నిలపడానికి మరో 5,000 కోట్ల నిధి ఏర్పరచవలసి వచ్చింది. ఏడెనిమిదేళ్ల పని 30 ఏళ్లకు పెరిగింది. ట్రిటియం ప్రతి 12.3 సంవత్సరాలకు సగానికి తగ్గుతుంది. పెద్ద ట్యాంకులలో ఆ 30 ఏళ్లూ నిలవయుంచితే తనంతట తానే ఐదవ వంతుకంటె తగ్గిపోయేది. పెద్ద ట్యాంకులు కట్టండి, లేదా సిమెంటు గారలో కలిపి గట్టిపరచండి అని ఆ దేశపు పౌర నిపుణులు చెబితే చెవిని బెట్టలేదు. కరిగిన ఇంధనాన్ని తీసి ఉంచడానికి స్థలం కావాలి, ట్యాంకులు ఖాళీ చేయక తప్పదు అన్నారు. ఆ ఇంధన శకలాలు సుమారు 880 టన్నులు ఉన్నవని అంచనా. 2024 నవంబరులోనూ, 2025 ఏప్రిల్‌లోనూ రెండు విడతలుగా తీసినది మొత్తం ఒక గ్రాముకు కూడా చేరలేదు.

నష్టం కలిగించినవారు ఏమి చెల్లించారు? 2022 జూలైలో టోక్యో జిల్లా కోర్టు నలుగురు మాజీ అధికారులు కంపెనీకి 13 లక్షల కోట్ల యెన్ చెల్లించవలెనని తీర్పు చెప్పింది. 2025 జూన్‌లో పైకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది.

ఆ ఆవరణలో పనిచేసేవారి సంగతి మన పత్రికలలో ఎక్కడా కనబడదు. రోజూ కొన్ని వేలమంది లోపలికి వెళ్లి వస్తారు. వారిలో అధికులు టెప్కో ఉద్యోగులు కారు. కంపెనీ క్రింద కాంట్రాక్టరు, వాని క్రింద సబ్ కాంట్రాక్టరు, వాని క్రింద మరొకడు. మన స్టేషన్లలోనూ, లైన్ల మీదనూ, మెయిలు వాహనాలలోనూ ఈ నిచ్చెనను చూస్తూనే ఉన్నాము. విడుదల మొదలై రెండు నెలలు నిండగానే, 2023 అక్టోబరు 25న, అల్ప్స్ గొట్టాలను కడుగుతున్న కార్మికుల మీద రేడియోధార్మిక ద్రవం చిమ్మింది. ఇద్దరిని ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. వారు మూడవ అంచె కాంట్రాక్టు క్రింద పనిచేసేవారు. కొందరికి నీరు చొరని పైదుస్తులు కూడా లేవు. చిమ్మినది 100 మిల్లీలీటర్లని కంపెనీ మొదట ప్రకటించి, తరువాత కొన్ని లీటర్లని దిద్దుకున్నది. ప్రపంచమంతా చేపను కొలుస్తున్న సమయంలో మనిషి మీద పడినదాని కొలత తేలడానికి రోజులు పట్టింది. ఈ శుభ్రపరచే పనులు చేసిన ఒక కార్మికుని రక్త క్యాన్సర్‌ను వృత్తి సంబంధమైనదిగా గుర్తించినది 2015లో. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో మరణించిన మరొకరిని గుర్తించినది 2018లో. రైల్వే ఉద్యోగులకు మరొక విషయం: ప్రమాదంతో మూతబడిన జోబాన్ లైనులో తొమియోకా, నమియేల మధ్యనున్న చివరి 20.8 కిలోమీటర్లను 2020 మార్చి 14న తెరిచినప్పుడు, చుట్టూ ఇంకా జనం నివసించరాని మండలాలున్నాయి. అక్కడి డ్రైవర్ల చిన్న యూనియను ఒకటి ఆ మార్గంలో బండ్లు నడపడాన్ని వ్యతిరేకిస్తూ సమ్మెలకు దిగింది.

సముద్రం ఎవరిది అన్న ప్రశ్న జపానుకు కొత్తది కాదు. 1954 మార్చి 1న బికినీ దీవి వద్ద అమెరికా పేల్చిన హైడ్రోజన్ బాంబు బూడిద ఒక జపాను చేపల పడవలోని 23 మంది మీద రాలింది. పడవలోని వైర్‌లెస్ ఆపరేటరు ఆరు నెలల తరువాత చనిపోయాడు. ఆ దేశమంతా అట్టుడికిపోయింది. 1993 అక్టోబరులో రష్యా నౌకాదళం జపాను సముద్రంలో సుమారు 900 టన్నుల రేడియోధార్మిక ద్రవాన్ని కుమ్మరించినప్పుడు గట్టిగా నిరసించినది టోక్యోయే. ఆ తరువాతి నెలలోనే సముద్రంలో రేడియోధార్మిక వ్యర్థాలు పారవేయడాన్ని లండన్ ఒడంబడిక దేశాలు పూర్తిగా నిషేధించాయి. ఇప్పుడు వారి వాదన ఏమిటి? ఒడంబడిక ఓడ నుండి పారవేయడాన్ని నిషేధించింది, మాది ఒడ్డునుండి పోయే గొట్టం అంటున్నారు. ఓడలో పోస్తే నేరం, గొట్టంలో పోస్తే ప్రభుత్వ విధానం! అణు పరీక్షలను భరించిన పసిఫిక్ దీవులవారికి ఈ తర్కం రుచించకపోవడంలో ఆశ్చర్యమేముంది? మార్షల్ దీవులలోనే 1946 నుండి 1958 వరకు 67 పేలుళ్లు జరిగాయి.

ఆ నిషేధానికి పది సంవత్సరాల ముందు జరిగిన ఒక సంగతిని మన యువ సభ్యులలో చాలామంది విని ఉండరు. బ్రిటన్ చాలా ఏళ్లుగా తన అణు వ్యర్థాలను అట్లాంటిక్‌లో ముంచుతూ వచ్చింది. 1983 ఫిబ్రవరిలో లండన్ సమావేశంలో కిరిబాటి, నౌరూ అనే రెండు చిన్న పసిఫిక్ దేశాలు దీనిని నిషేధించాలని ప్రతిపాదించాయి. తాత్కాలికంగా ఆపాలని తీర్మానమైంది. థాచర్ ప్రభుత్వం ఖాతరు చేయలేదు, ఆ ఏడు కూడా ముంచుతామన్నది. అప్పుడు నావికుల యూనియను, ఆ సరుకు ఎక్కిన ఓడను నడపబోమని ప్రకటించింది. రైలు డ్రైవర్ల యూనియను, రవాణా కార్మికుల యూనియను దానితో చేతులు కలిపాయి. వ్యర్థం రేవుకు చేరే దారి లేకపోయింది, ఓడ కదలలేదు. ఆ సంవత్సరమే కాదు, ఆ తరువాత ఎన్నడూ బ్రిటన్ అట్లాంటిక్‌లో అణు వ్యర్థాలను ముంచలేదు. ఆ కార్మికులు బెకెరెల్‌ల మీద పరిశోధన చేసినవారు కారు. తమ చేతులమీదుగా పోయే సరుకు ఏమిటో తెలుసుకొనే హక్కు, కాదనే హక్కు తమకు ఉన్నవని మాత్రం వారు నమ్మారు.

గొట్టానికి డ్రైవరు అక్కరలేదు. ఫుకుషిమాలో గొట్టాన్ని ఎంచుకొనడానికి ఇదొక్కటే కారణమని మేము అనము గాని, సంఘాలు దీనిని గమనించవలెను.

మన తీరం సంగతి కూడా ఒక మాట. కూడంకుళంలో మత్స్యకారులు అడిగిన ప్రశ్నలకు జవాబుగా రాజద్రోహం కేసులు వచ్చాయి. 2012 సెప్టెంబరు 10న పోలీసు కాల్పుల్లో ఒక మత్స్యకారుడు చనిపోయాడు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ తీరంలో ఆరు అమెరికన్ రియాక్టర్ల ప్రతిపాదన వచ్చి, అక్కడి మత్స్యకార కుటుంబాల ఇళ్లూ భూములూ సేకరణ పట్టీకెక్కాయి. 2010లో మన పార్లమెంటు చేసిన అణు పరిహార చట్టం కేంద్రం నడిపేవారి బాధ్యతను 1,500 కోట్ల రూపాయలకు పరిమితం చేసింది. ఫుకుషిమా మొత్తం ఖర్చు 21.5 లక్షల కోట్ల యెన్ అని జపాను ప్రభుత్వం 2016లోనే అంచనా వేసింది. యెన్‌ను రూపాయలలోకి మార్చుకున్నా ఈ రెండు అంకెలకు పొంతన కుదరదు.

కొవ్వాడ గ్రామాలకు అధికారులు ఏ హామీలు వ్రాసియిచ్చారో, ఏ మాటలతో ఇచ్చారో, వాటి నకళ్లను సంపాదించి భద్రపరచవలసిందిగా ఉత్తరాంధ్ర శాఖలను కోరుతున్నాము. "వివరించడమైనది" అని ఉన్నదో, "అంగీకరించడమైనది" అని ఉన్నదో ముందు చూడండి.