ప్రకృతి పరిశీలనము: తీతువు కూత

ఉదయగిరి దుర్గమును 1514లో జయించిన కృష్ణదేవరాయల కాలపుదని ప్రతీతిగల పెద్దచెరు వొకటి ఆత్మకూరు ప్రాంతమున కలదు. అదియే అనంతసాగరము చెరువు. ఆ సీమ సోదరీమణు లెందరో దాని కట్టమీదుగ పోయియుందురు గాని, కత్తెర దినములలో సూర్యోదయవేళ అచట ఒక్క గడియ నిలిచి చూచినవారు కొలదిమందియే.

శీతకాలమున ఉత్తరదేశములనుండి వచ్చు బాతులు వేసవికి మరలిపోవును. నీరు తగ్గి, చేపలును నత్తలును లోతులేని మడుగులలో చిక్కుకొనును. అందుచేత తెల్లకొంగలు, నీటికాకులు, నత్తగుల్లకొంగలు, లకుముకిపిట్టలు అచటనే మూగును. వీనిని చూచుటకు దుర్భిణి యక్కరలేదు. మాటలాడక నిలుచుటయే చాలును. ఎండ యెక్కిన పిదప పక్షులు నీడలు చేరును గనుక పెందలకడనే పోవలెను.

అయితే మేము ముఖ్యముగ చెప్పదలచినది తీతువునుగూర్చి. నల్లని తల, కన్నులముందు ఎఱ్ఱని కండ, తెల్లని కడుపు, పసుపుపచ్చని పొడుగుకాళ్లు దాని గురుతులు. అది కూసిన యింటికి కీడు మూడునని మనలో భయము పాదుకొనియున్నది. కొందరు పిల్లలచేత దానిని రాళ్లతో కొట్టింతురు. ఇది మిక్కిలి అన్యాయము.

తీతువు చెట్టుపై గూడు కట్టదు. వేసవిలో బయలునేలపై చిన్నగుంటలో సాధారణముగ నాలుగు గ్రుడ్లు పెట్టును. మట్టిరంగుపై నల్లమచ్చలుగల యా గ్రుడ్లు గులకరాళ్లలో కలిసిపోవును. మనుష్యుడుగాని కుక్కగాని దాపునకు వచ్చినచో, పగలైనను రాత్రియైనను ఆ పక్షిదంపతులు పైన తిరుగుచు అఱచును. తమిళులు దీనిని ఆళ్‌కాట్టి, అనగా మనిషిని చూపునది, అందురు. మన పేరు ఎన్నప్ప చితవ. 1840 తరువాతి యేండ్లలో నెల్లూరున వైద్యుడుగ నుండిన జెర్డనుదొర 1862-64లో ప్రకటించిన తన పక్షిగ్రంథమున దీనిని వ్రాసియుంచెను.

నిప్పులు చెఱగు నెండలో గ్రుడ్లు చెడకుండుటకై పక్షి నీటిలో కడుపు తడుపుకొని వచ్చి, ఆ తడిరెక్కలతో వానిపై కూర్చుండును. తల్లిదండ్రు లిరువురును వంతులు వేసికొని సుమారు నాలుగు వారములు ఇట్లు కాచుకొందురు.

కావున ఈ వేసవిని చెరువునకు పోవు తల్లులు బిడ్డలకు రెండు మాటలు చెప్పుదురుగాక: తీతువు అఱచినచోట నేల చూచి అడుగు వెనుకకు తీయవలెను, గ్రుడ్డు కనబడిన ముట్టరాదు. అర్ధరాత్రమున ఆ కూత వినబడినప్పుడు, ఎచటనో ఒక తల్లి తన బిడ్డలకొఱకు కేకవేయుచున్నదని తలంచినచో మన గుండె జడియదు.