ఎవరి గోడు విన్నట్టు?

1912లో అమెరికాలోని జార్జియాలో, ఫోర్‌సైత్ కౌంటీ నుంచి నల్లవాళ్ళను తరిమేశారు. 1987లో ఓప్రా విన్‌ఫ్రే తన టాక్ షోని అక్కడికి తీసుకెళ్ళింది. ఆడియన్స్‌గా స్థానికులనే రానిచ్చారు, అంటే తెల్లవాళ్ళనే. వాళ్ళు మైకు అందుకుని తమ భయాలూ కోపాలూ చెప్పుకున్నారు. అందుకు బయట నిరసన తెలిపిన పౌరహక్కుల నాయకుడు హోసియా విలియమ్స్‌ని పోలీసులు అరెస్టు చేశారు.

అందరి మాటా విందామనే లిబరల్ మర్యాదకి, మనసులోది కక్కేస్తే నయమవుతుందనే థెరపీ నమ్మకం తోడైతే జరిగేది ఇదే. తరిమినవాళ్ళ వారసుల భయమూ ఓ గాయమే అయిపోతుంది. పోయిన భూముల లెక్క పక్కకి పోతుంది.

వినడం మంచిదే కదా అంటారు. మంచిదే. కానీ ఎవర్ని బయట నిలబెట్టి?

భయం చెప్పుకుంటే మనసు తేలికపడొచ్చు. భూమి మాత్రం తిరిగి రాదు.