తెరమీది అంకెను నమ్మే ముందు

1888లో ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిష్ రైనిట్జర్ ద్రవ స్ఫటిక లక్షణాన్ని గమనించినది కొలెస్ట్రాల్ సంబంధిత పదార్థంలోనే. ఆ పేరు మా వైద్యులను ఎక్కడికి వెళ్ళినా విడువదు! నేడు మీ ఇంటి బీపీ యంత్రం అంకెలు చూపుతున్నది ద్రవ స్ఫటికాల తెరపైనే. ఒక్కొక్క అంకెకు ఏడు గీతలు. ఎనిమిదిలో నడిమి గీత కనబడకపోతే అది సున్నాయే. అప్పుడు 180 కాస్తా 100 అవుతుంది. యంత్రం సరిగానే కొలిచింది, తెర చూపలేకపోయింది. అది నమ్మి మీరు మాత్ర మానివేస్తే?

ఆన్ చేయగానే చాలా యంత్రాలు గీతలన్నిటినీ ఒక్క క్షణం చూపుతాయి. ఆ పరీక్షను చూడకుండా వదలివేయడం పెద్ద పొరపాటని నా అభిప్రాయం. ఏ గీత లోపించినా మరొక యంత్రంతో కొలిపించుకొనండి. ద్రవ స్ఫటికానికి స్వంత వెలుగు లేదు. మసక గదిలో, శుక్లాలున్న కళ్ళతో పెద్దలు చదివిన అంకెను మీరూ ఒకసారి చూడండి.