వకీలుకు మస్టర్ల లెక్క తెలియాలి

నస్పూర్, శ్రీరాంపూర్ బొగ్గుబాయిల కాలనీల్లో భార్యను వదిలేసిన మగవాడికి నెలనెలా జీతం వస్తూనే ఉంటుంది. క్వార్టర్ అతని పేరుమీదే, బోనస్ అతని ఖాతాలోకే. 1952 గనుల చట్టం స్త్రీలను భూగర్భంలో పనికి రానివ్వలేదు. 2019లో గాని ఆ నిషేధం సడలలేదు. ఆమె అతని సంపాదన మీద ఆధారపడడం ఆమె స్వభావమేమీ కాదు, చట్టం చేసిపెట్టిన ఏర్పాటు. అందుకే భరణం కేసులో ఆమె పక్కన నిలబడే వకీలు ఎవరు, ఆ వకీలు ఏ జీవితాన్ని చూసి వచ్చారు అన్నది చిన్న ప్రశ్న కాదు.

ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేస్తే, యుక్తవయసులో ఆ కాపురం వద్దని బయటికొచ్చిన రాజమండ్రి ఆడపిల్ల దుర్గాబాయి. తర్వాత చదువుకుని 1942లో మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా తీసుకుంది. 1953లో చైనా వెళ్ళి అక్కడి కుటుంబ న్యాయస్థానాలు చూసి, మన దేశంలోనూ అవి ఉండాలని న్యాయమూర్తులతో, నెహ్రూతో వాదించింది. పెళ్ళి లోపలి సంగతులు తెలిసిన మనిషి కాబట్టే మామూలు కోర్టు ఆడవాళ్ళకు చాలదని గుర్తించగలిగిందని మేం అనుకుంటాం. ఆమె 1981లో చనిపోయింది. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చింది.

అయితే ఆ చట్టం 13వ సెక్షన్ వకీలును పెట్టుకోవడం కక్షిదారు హక్కు కాదంది. ఖర్చు తగ్గాలి, సామరస్యం పెరగాలి అన్నది ఉద్దేశం. కాని భర్తకు లోకం తెలుసు, యూనియన్ తెలుసు, ఆఫీసు తెలుసు. ఇద్దర్నీ ఒంటరిగా నిలబెడితే అది సమానత్వమా? ఆచరణలో కోర్టులు వకీళ్ళను అనుమతిస్తూనే ఉన్నాయి, మంచిదే.

అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. మస్టర్లు తక్కువపడ్డ నెల పే స్లిప్ తెచ్చి చూపిస్తే జీతం సగమే కనిపిస్తుంది. ఓవర్‌టైం, దీపావళి బోనస్, లాభాల వాటా అందులో ఉండవు. ఏడాది మొత్తం స్లిప్పులు అడగాలన్న ఇంగితం లేని వకీలు ఎంత గొప్పగా వాదించినా ఆ ఇల్లాలికి దక్కేది అరకొరే. 2020లో రజనీష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు ఇద్దరూ ఆస్తులు, ఆదాయం అఫిడవిట్‌లో చూపాలనీ, దరఖాస్తు వేసిన రోజు నుంచే భరణం ఇవ్వాలనీ చెప్పింది. నెలకు 500 రూపాయల పరిమితి 2001లోనే పోయింది. పాత 125వ సెక్షన్ 2024 జూలై నుంచి కొత్త సంహితలో 144 అయింది. అంకె మారినా ఒక మెలిక మారలేదు: బకాయి పడిన ఏడాదిలోగా వసూలుకు దరఖాస్తు వేయకపోతే వారంటు రాదు. ఆర్డరు కాగితం ట్రంకుపెట్టెలో దాచుకుని భర్త మనసు మారుతుందని ఎదురుచూసే స్త్రీకి ఈ సంగతి చెప్పాల్సింది వకీలే.

క్వార్టర్ సంగతీ అంతే. 2005 గృహహింస చట్టం ప్రకారం, ఇంటిమీద ఆమెకు హక్కు కాగితం ఉన్నా లేకున్నా, కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఉంది. 'కంపెనీ ఇల్లు, నీకేం సంబంధం' అన్న మాటకు అక్కడే జవాబు దొరుకుతుంది.

ఉచిత న్యాయ సహాయానికి స్త్రీ ఆదాయం ఎంతో చూడనక్కర్లేదని 1987 చట్టం అంటోంది. జిల్లా న్యాయసేవా సంస్థల ప్యానెళ్ళలో గని కుటుంబాలనుంచి వచ్చి న్యాయవాదులైన స్త్రీలకు చోటివ్వాలి. కార్మిక సంఘాలు కూడా, పే స్లిప్ కోసం వచ్చిన సభ్యుడి భార్యను 'ఇంటి గొడవ' అని వాకిట్లోంచే పంపెయ్యకూడదు.